గుండెకు కాస్త ఇంటర్వెల్!

మన సినిమాల్లో గుండెజబ్బు సీను ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? తండ్రి పాత్రధారి ఎడమచేత్తో ఛాతీ పట్టుకుంటాడు. రెండో చెయ్యి గాల్లో తడుముతుంది. బల్ల మీద మాత్రల సీసా... అందీ అందనంత దూరం! కూతురు పరుగెత్తుకొచ్చి మాత్ర నోట్లో వేస్తే బతుకుతాడు. విలన్ ముందుగా వచ్చి బూటుకాలితో సీసాని తన్నేస్తే పోతాడు. అంతే లెక్క. గుమ్మడి గారు గుండె మీద చెయ్యి వేశారంటే చాలు, నేల క్లాసులో అమ్మలక్కల కొంగులు కళ్ళ దగ్గరికి పోయేవి.

మాత్ర అందితే ప్రాణం, అందకపోతే మరణం. ముప్ఫై మూడేళ్ళు వచ్చేదాకా నేనూ ఇదే నమ్మాను. మా బావ కూడా ఇదే నమ్మాడు. నమ్మబట్టే ఒక మిట్టమధ్యాహ్నం అల్లూరు బస్టాండులో, సినిమాలో కూతురు చేసే పని తను చేశాడు. పరుగెత్తుకొచ్చి నా నాలిక కింద మాత్ర పెట్టాడు.

ఆ మాత్రే నన్ను చంపబోయింది!

చేపల పులుసు, రోహిణి కార్తె

2022 మే నెలాఖరు. రోహిణి కార్తె ఎండలకి రోళ్ళు పగులుతాయంటారు. మా నెల్లూరు జిల్లా సముద్రపు గట్టు ఊళ్ళలో రోళ్ళ సంగతేమో గానీ మనుషులు మాత్రం పగులుతారు. ఆ ఆదివారం అల్లూరులో మా మేనత్త ఇంట్లో భోజనం. మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు. వద్దంటే వినే మనిషి కాదు అత్త. మూడుసార్లు వడ్డించింది, మూడుసార్లూ తిన్నాను. చెయ్యి కడుక్కుని గడియారం చూస్తే నెల్లూరు బస్సుకి పది నిమిషాలే ఉంది.

ఆ సాయంత్రం నెల్లూరులో ఒక కొత్త సినిమా వాళ్ళు విలేకరులతో మాట్లాడుతున్నారు. నాలాంటి ఫ్రీలాన్సు వాళ్ళకి పిలిచిన చోటికి పోవడమే జీతం. ఒకసారి పోకపోతే రెండోసారి పిలవరు. నిండు కడుపుతో, నెత్తిన తువ్వాలు కప్పుకుని, పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ నడిచాను. బస్టాండు కనబడుతుండగా ఛాతీ మీద ఎవరో రోలు తెచ్చి పెట్టినట్టయింది. ఊపిరి లోపలికి పోతోంది కానీ చాలడం లేదు. టీ బంకు ముందు బల్ల మీద కూలబడ్డాను.

నేను మరిచిపోయిన ఫోను ఇవ్వడానికి మా బావ వెనకాలే మోటారు సైకిలు మీద వచ్చాడు. రొయ్యల గుంటలు చూసుకునే మనిషి. ధైర్యం ఎక్కువ, ఆలస్యం తక్కువ.

"ఏందిరా, ఎట్టా ఉండాది? గుండెల్లోనా?"

తల ఊపాను. వెంటనే పర్సులోంచి చిన్న మాత్ర తీశాడు. అది సార్బిట్రేట్. మా మామకి గుండెలో స్టెంట్లు వేసిన దగ్గర్నించీ బావ పర్సులో డబ్బుల్లేకపోయినా ఆ మాత్రలు మాత్రం ఉంటాయి.

"నాలిక కింద పెట్టుకో. నిమిషంలో తగ్గిపోద్ది. మా నాయనకి ఇదే గదా!"

నిమిషం కూడా పట్టలేదు. తగ్గింది నొప్పి కాదు, వెలుతురు! సెకండ్ షో మధ్యలో కరెంటు పోయినట్టు బస్టాండు మొత్తం చీకటైపోయింది.

కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. చుట్టూ కాళ్ళు. "కూచోబెట్టండి, గాలాడనీండి" అని ఒకరు, "నీళ్ళు తాపండి" అని మరొకరు. వాళ్ళందరి మీదా టీ బంకు పెద్దాయన కేక మాత్రం గుర్తుంది. "లేపబాకండయ్యా! కాళ్ళు పైకెత్తండి, కాళ్ళు!" అంటూ ఆయనే నా రెండు కాళ్ళూ పట్టుకుని బల్ల మీద పెట్టాడు. నేను ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే అది ఆయన చలవే. ఎందుకో తరవాత చెబుతాను.

గుంజీళ్ళు తీయించిన డాక్టరమ్మ

నెల్లూరులో ఈసీజీ తీస్తే అందరూ గుండెపోటే అనుకున్నారు. అనుకోవడంలో తప్పు లేదు. ఈ జబ్బులో ఈసీజీ గీతలు చాలాసార్లు గుండెపోటు గీతల్లాగే మోసం చేస్తాయట. యాంజియోగ్రాం చేస్తే రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. మరి ఇదేమిటి? చెన్నై పొమ్మన్నారు.

మా నెల్లూరోళ్ళకి మద్రాసుతో రెండే పనులని మా నాయన అంటుండేవాడు. ఒకటి సినిమా, రెండు ఆసుపత్రి. సినిమా ఏనాడో హైదరాబాదు తరలిపోయింది. ఆసుపత్రి మిగిలింది.

చెన్నైలో డాక్టరమ్మ తెలుగావిడే. నా ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి, "గుంజీళ్ళు తీయండి" అంది. వేళాకోళం అనుకున్నాను. అయిదో తరగతిలో లెక్కలు తప్పినప్పుడు తీసిన తరవాత మళ్ళీ ఇదే. గొంతుక్కూర్చున్నప్పుడు వింది, లేచి నిలబడ్డప్పుడు వింది. మళ్ళీ కూర్చోమంది, మళ్ళీ వింది.

"కూర్చుంటే గొణుగుతోంది, లేస్తే అరుస్తోంది. నాకు సగం తెలిసిపోయింది. మిగతా సగం ఎకో చెబుతుంది" అంది.

ఎకో చెప్పింది. గుండెలో ఎడమ కుడి గదుల మధ్య ఉండే గోడ మామూలుగా 11, 12 మిల్లీమీటర్లు మించకూడదు. నాది 19! జబ్బు పేరు హైపర్‌ట్రాఫిక్ కార్డియోమయోపతి. అందులోనూ దారికి అడ్డం పడే రకం. పేరు నోరు తిరగడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇదేదో లక్షకొకరికి వచ్చేది అనుకునేరు. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందట. అంటే నిండిన సినిమా హాల్లో ఒకరో ఇద్దరో. చాలామందికి ఉన్నట్టే తెలియదు.

గేటు దగ్గర తోపులాట

మా నాయన సినిమా ఆపరేటరు. అందుకని డాక్టరమ్మ చెప్పింది నేను హాలు భాషలోకి మార్చుకున్నాను. మీరూ అలాగే వినండి.

గుండెలో ఎడమ గది ఒక సినిమా హాలు. ఆటకీ ఆటకీ మధ్య రక్తం లోపలికి వచ్చి నిండుతుంది. తరవాత గోడలు బిగుసుకుని ఆ రక్తాన్నంతా ఒకే గేటు గుండా బయటికి పంపిస్తాయి. నిమిషానికి డెబ్బై ఆటలు! నా హాల్లో నడిమి గోడ లావెక్కి గేటు వైపు పొడుచుకొచ్చింది. దారి సన్నబడింది. గేటు పక్కనే మైట్రల్ కవాటం రెక్క ఒకటి ఉంటుంది. సన్నటి దారిలో రక్తం తోసుకుపోయే ఊపుకి ఆ రెక్క కొట్టుకొచ్చి గేటుకి అడ్డం పడుతుంది. పెద్ద హీరో సినిమా మొదటి ఆట వదిలినప్పుడు చూశారా? జనం ఎంత తోస్తే తలుపు అంత బిగుసుకుంటుంది. అదే వరసలో నిదానంగా పోతే అందరూ బయటపడతారు. నా గుండె బలహీనమైంది కాదు. దాని బలమే దానికి శత్రువు!

ఇంకొక సంగతి. హాలు నిండుగా ఉంటే గోడలు ఎడంగా ఉంటాయి, దారి కాస్త వెడల్పవుతుంది. లోపల రక్తం తక్కువైతే గోడలు దగ్గరికొచ్చి గేటు మూసుకుపోతుంది. గొంతుక్కూర్చుంటే కాళ్ళలోని రక్తం గుండెకి చేరుతుంది, అందుకే చప్పుడు తగ్గింది. లేచి నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగుతుంది, అందుకే అరిచింది.

ఇప్పుడు ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో చూడండి. ఎండకి చెమటై ఒంట్లో నీరు పోయింది. నిండా తిన్నాను కనుక ఉన్న రక్తం పొట్ట దగ్గరికి పోయింది. పైన వేగంగా నడిచాను, గుండె గట్టిగా తోసింది. ఈ మూడూ చాలవన్నట్టు నాలిక కింద సార్బిట్రేట్. అది రక్తనాళాలను వెడల్పు చేసే మందు. రక్తనాళాలు పూడిన మా మామకి, డాక్టరు చెప్పిన మేరకు, అది ప్రాణదాత. నాకు మాత్రం ఉన్న కాస్త రక్తాన్నీ గుండెకి చేరకుండా చేసింది. హాలు ఖాళీ, గేటు మూత, మెదడుకి రక్తం బందు!

టీ బంకు పెద్దాయన కాళ్ళు ఎత్తాడే, అప్పుడు ఆ రక్తం మళ్ళీ గుండెలోకి జారింది. డాక్టరమ్మ అడిగింది, "ఎవరు ఎత్తారు?" అని. చెప్పాను. "ఆయనకి నా నమస్కారం చెప్పండి" అంది. తరవాత వెళ్ళి చెప్పాను. "మా పిలకాయలకి మూర్ఛొస్తే మా అమ్మ అట్టనే చేసేదయ్యా" అని గ్లాసులు కడుక్కుంటూ ఉండిపోయాడు.

బావకి మాత్రం ఈ సంగతి చెప్పడానికి నాకు నెల పట్టింది. ప్రేమతో ఇచ్చిన మాత్ర అని ఎలా చెప్పేది, ఎలా దాచేది? చెప్పిన రోజు ఏమీ అనలేదు. గుంటల మీదికి పోయి రాత్రి దాకా రాలేదు.

రోజూ వేసుకునే ఇంటర్వెల్

నాకు రాసింది మెటోప్రొలాల్. బీటా బ్లాకర్ జాతి మాత్ర. ఈ జాతిలో తొలినాటి పెద్ద మందు ప్రొప్రనలాల్. దాన్ని 1960లలో కనిపెట్టిన జేమ్స్ బ్లాక్ అనే స్కాట్లాండు శాస్త్రవేత్తకి 1988లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ మాత్రలు చేసే పని చాలా చిన్నది. భయపడినా, పరుగెత్తినా, సంతోషించినా ఒంట్లో ఒక రసాయనం ఊరి గుండెని చర్నాకోలాతో కొడుతుంది. ఆ దెబ్బ గుండెకి తగలకుండా ఇవి అడ్డం నిలబడతాయి. గుండె నిదానిస్తుంది, అంత గట్టిగా తోయదు. ఆటకీ ఆటకీ మధ్య ఇంటర్వెల్ పెరుగుతుంది, హాలు నిండడానికి టైము దొరుకుతుంది.

"గోడ పలచబడుతుందా డాక్టరు గారూ?" అని అడిగాను.

"పడదు. ఇది గోడకి మందు కాదు, మీ ఆయాసానికి మందు. హఠాత్తుగా గుండె ఆగే ప్రమాదం సంగతి వేరు. దాన్ని వేరే లెక్కలతో చూడాలి, అవసరమైతే ఛాతీలో యంత్రం అమర్చాలి. మీకు ప్రస్తుతం అక్కర్లేదు. ఏటేటా చూద్దాం" అంది. మాత్ర వేసుకుంటే బతుకుతాం అనే నా సినిమా లెక్క అక్కడితో చెల్లిపోయింది.

మొదట 25 మిల్లీగ్రాములు. రెండు వారాలకి 50. రెండు నెలలకి 100. నాడి 84 నుంచి 58కి దిగింది. మంచివన్నీ చెప్పి చెడ్డవి దాస్తే పాపం. మొదటి నెల తడి ఇసకలో నడుస్తున్నట్టుండేది ఒళ్ళు. వేసవిలో కూడా వేళ్ళ కొసలు చల్లగా ఉండేవి. రాసేటప్పుడు మాట వచ్చి పెదవి దగ్గర ఆగేది. రాత్రిళ్ళు పెద్ద పెద్ద కలలు, రంగుల్లో. ఈ మాత్రలకి కలలు రావడం మామూలేనట. నాకు మాత్రం ఒకటే కల. మా నాయన రీలు పెట్టె భుజాన పెట్టుకుని బస్సు దిగుతుంటాడు. నేను పిలుస్తాను. వినబడదు.

మూడో నెలకి ఒళ్ళు సర్దుకుంది. ఎకో మళ్ళీ తీశారు. గేటు దగ్గర ఒత్తిడి తేడాని కొలుస్తారు. మొదట్లో ముక్కి ఊపిరి బిగబట్టమన్నప్పుడు 82 ఉన్నది, ఇప్పుడు 40కి వచ్చింది. 30 దాటితేనే అడ్డం ఉన్నట్టు లెక్క. కనుక జబ్బు పోలేదు, మెత్తబడింది. బస్టాండు దాకా ఆగకుండా నడవగలిగాను. నాకు అది శతదినోత్సవమే!

అంత బాగుంటే మనిషి ఏం చేస్తాడు? తెలివి తక్కువ పని చేస్తాడు. 2023 ఏప్రిల్లో ఇస్కపల్లి సముద్రం ఒడ్డున ఒక చిన్న సినిమా షూటింగు. రెండు రోజులని వెళ్ళాను, నాలుగు రోజులైంది. రెండో రోజుకే మాత్రలు అయిపోయాయి. రెండు రోజులకేమవుతుందిలే అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున హీరో కారు దగ్గరికి పోతుంటే రెండు ముక్కలు మాట్లాడిద్దామని ఇసకలో నాలుగడుగులు పరుగెత్తాను. పలుపు తెంపుకున్న కోడెదూడలా ఎగిరింది గుండె! ఒడ్డున బోర్లించిన పడవకి ఆనుకుని కూలబడ్డాను. కారు వెళ్ళిపోయింది. లైట్లు మోసే కుర్రాడు నీళ్ళ సీసా తెచ్చిచ్చాడు.

ఈ మాత్రలు ఉన్నట్టుండి మానకూడదు. ఇన్నాళ్ళూ కట్టేసి ఉంచిన గుండె ఒక్కసారిగా రెట్టించి దూకుతుంది. మానాలన్నా డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకోవాలి. అప్పట్నించీ నా సంచీలో పెన్ను లేకపోయినా మాత్రల అట్ట ఒకటి ఎక్కువే ఉంటుంది.

రథం తాడు వదిలించే మందు

మెటోప్రొలాల్ అందరికీ పడదు. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఇబ్బంది చేయవచ్చు. అటువంటప్పుడు వెరాపమిల్ ఇస్తారు. అదీ గుండెని నిదానింపజేసేదే. గేటు బాగా బిగుసుకున్న వాళ్ళకి దాన్ని కూడా జాగ్రత్తగా చూసే ఇవ్వాలి. చాలకపోతే డైసోపిరమైడ్ కలుపుతారు. అది గుండె తోపుని బాగా తగ్గిస్తుంది కానీ నోరు ఎండగడుతుంది, మూత్రం బిగబడుతుంది. మందులతో లొంగకపోతే ఆపరేషన్ చేసి లావెక్కిన గోడలో కొంత చెక్కేస్తారు. లేదా సన్నటి గొట్టంతో ఆల్కహాలు పంపి ఆ భాగాన్ని ఎండబెడతారు.

ఇక కొత్త సంగతి. మావకామ్టెన్ అనే మందుని అమెరికాలో 2022 ఏప్రిల్లో అనుమతించారు. నేను బస్టాండులో పడిపోవడానికి సరిగ్గా నెల ముందు! గుండె కండరంలో మయోసిన్ అనే ప్రోటీను చేతులు చాచి పక్క పోగులను పట్టి లాగుతుంది. తిరునాళ్ళలో రథం తాడు లాగినట్టు. నా జబ్బులో అవసరానికి మించిన చేతులు తాడు పట్టుకుంటాయి. ఈ మందు కొన్ని చేతుల చేత తాడు వదిలిస్తుంది. గుండెని బయటినించి అదిలించడం కాదు, జబ్బు పుట్టిన చోటే చెయ్యి పెట్టడం.

2020లో అచ్చయిన పరీక్షలో 251 మందికి 30 వారాల పాటు ఇచ్చి చూశారు. ఈ మందు వాడినవాళ్ళలో 100కి 37 మంది అనుకున్నంత మెరుగుపడితే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 17 మందే మెరుగుపడ్డారు. అయితే ఎక్కువ చేతులు తాడు వదిలేస్తే రథం ఆగిపోతుంది కదా! అందుకని ఎకో మీద ఎకో తీసి చూస్తూనే ఉండాలి. గుండె తోసే శక్తి 50 శాతానికి దిగువకి వస్తే మందు ఆపాలి. కొన్ని ఇతర మందులతో కలిస్తే ప్రమాదం. ధర అంటారా? అమెరికాలో విడుదలైన రోజు ఏడాదికి 89,500 డాలర్లు! ఓ చిన్న సినిమా తీసేయొచ్చు.

2025లో ఇంకొక పరీక్ష వచ్చింది. అదే జాతికి చెందిన ఆఫికామ్టెన్‌కీ నేను వేసుకునే మెటోప్రొలాల్‌కీ పోటీ. 175 మంది, 24 వారాలు. కొత్త మందు వాళ్ళకి శ్రమపడే శక్తి పెరిగింది. మెటోప్రొలాల్ వాళ్ళకి కొంచెం తగ్గింది కూడా! చదివిన రోజు, రోజూ నా ప్రాణం కాస్తున్న మాత్రని చేతిలో పెట్టుకుని చూశాను. మన అభిమాన నటుడి సినిమా పోయిందని ఎవరో చెప్పినట్టుంది.

డాక్టరమ్మకి ఫోను చేశాను.

"మీకు ఆయాసం ఎలా ఉంది?"

"బాగానే ఉందండీ."

"బస్టాండుకి నడుస్తున్నారా?"

"నడుస్తున్నాను."

"మరి? పోటీలో గెలిచింది ఏదని కాదు, మీకు ఏది సరిపోతోందని చూడాలి. చాలని రోజు వస్తే అప్పుడు మాట్లాడదాం."

అయిదో మెట్టు మీద బీడీ

ఈ జబ్బుని ఇప్పటిలా మొట్టమొదట గుర్తించి 1958లో రాసింది లండన్‌లో శవపరీక్షలు చేసే డోనాల్డ్ టియర్ అనే డాక్టరు. చిన్న వయసువాళ్ళ గుండెలు ఎనిమిది. వాళ్ళలో చాలామంది ఉన్నట్టుండి పోయినవాళ్ళే. ఇది ఎక్కువగా వంశంలో నడిచే జబ్బు. తల్లికో తండ్రికో ఉంటే ఒక్కొక్క బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్ గారూ ఆయన తోటివాళ్ళూ 2009లో ఒక సంగతి బయటపెట్టారు. గుండె కండరానికి చెందిన ఒక జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన లోపం మన దేశంలో 100కి నలుగురిలో ఉందని, అది గుండె కండరం జబ్బులకి దారితీయవచ్చని. ఉన్నవాళ్ళందరికీ జబ్బు వస్తుందని కాదు. నాది ఆ లోపమేనా అన్నది వేరే సంగతి. కానీ చదువుతుంటే ఇది ఎక్కడిదో దొరల జబ్బు కాదని అర్థమైంది.

డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో పోయారా?"

పోయాడు. మా నాయన. 1999లో. నలభై ఒక్క ఏళ్ళకి. బస్సు టాపు మీంచి దించిన రీలు పెట్టె భుజానికెత్తుకుని హాలు వైపు నడుస్తూ. గుండె ఆగిందన్నారు. దిష్టి అన్నారు. గాలి సోకిందన్నారు. మా అమ్మని ఒకరిద్దరు వేరే మాటలు కూడా అన్నారు.

ఆయన పనిచేసే హాల్లో ఆపరేటరు గదికి తొమ్మిది మెట్లు. చిన్నప్పుడు నేను వెంట పోయేవాణ్ణి. అయిదో మెట్టు మీద ఆగేవాడు. బీడీ తీసేవాడు. అగ్గిపుల్ల గీసేవాడు. ఒకసారి ఆరిపోయేది, మళ్ళీ గీసేవాడు. రెండు దమ్ములు లాగి, మిగతా నాలుగు మెట్లు ఎక్కేవాడు. ఇంట్లో కూర్చున్నప్పుడు ఒక్క బీడీ కాల్చగా చూడలేదు నేను. మా అమ్మ ఎన్నోసార్లు తిట్టింది, ఆ మెట్ల మీద ఏం రుచి నీకు అని. ఆయనకి కావలసింది బీడీ కాదు. ఊపిరి. మగవాడు మెట్ల మధ్యలో ఆగితే చెప్పుకోవడానికి ఒక సాకు కావాలి కదా! ఆ సాకులోంచి వచ్చే పొగ ఎంత మేలు చేసిందో దేవుడికెరుక.

అమ్మకి ఇది చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. "అట్టయితే దిష్టి కాదన్నమాట" అంది చివరికి. ఇరవై మూడేళ్ళ తరవాత!

చెల్లెలి ఫోను

అసలు కష్టం అప్పుడు మొదలైంది. నాయనకి ఉండి నాకు వచ్చిందంటే చెల్లికి కూడా ఎకో తీయించాలి. చెల్లి నెల్లూరులో టీచరు. సంబంధాలు చూస్తున్నాం. ఒకటి దాదాపు కుదిరింది.

"పెళ్ళయినాక తీయిద్దాం లేరా. ఇప్పుడు ఆసుపత్రికి పోయిందని తెలిస్తే?" అంది అమ్మ. కోపం రాలేదు నాకు. 1999లో ఆమె విన్న మాటలు నాకు తెలుసు.

ఎవరికీ చెప్పకుండా చెల్లే వెళ్ళి తీయించుకొచ్చింది. గోడ 9 మిల్లీమీటర్లు. ఏ లోపమూ లేదు. అయినా కొన్నేళ్ళకొకసారి చూపించుకుంటూ ఉండాలట, ఈ జబ్బు ఆలస్యంగా కూడా బయటపడుతుంది కనుక. అమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఇక చెప్పాల్సిన పనే లేదంది. చెల్లి ఆ రాత్రి తనే పెళ్ళికొడుక్కి ఫోను చేసి, నాయన సంగతీ నా సంగతీ తన రిపోర్టూ అన్నీ చెప్పేసింది.

అతను మంచిగానే మాట్లాడాడట. వారం గడిచింది. నెల గడిచింది. మధ్యవర్తి కనబడటం మానేశాడు.

"నా వల్లే కదమ్మా" అన్నాను చెల్లితో.

"నీ వల్ల కాదులే అన్నా. దాచుంటే రోజూ భయపడి చచ్చేదాన్ని. నాయన బీడీ లాగా నేనొకటి వెతుక్కోవాల" అంది.

ఏ సినిమా రచయితా రాయలేదు నాకింత మంచి డైలాగు. సినిమా అయితే ఆ పెళ్ళికొడుకు చివరి రీల్లో పరుగెత్తుకొచ్చేవాడే. రాలేదు. చెల్లి బడికి పోయి వస్తోంది.

జేబులో చీటీ

గుండెజబ్బు అంటే కథ అయిపోయినట్టే అనుకోవడం మన సినిమాలు నేర్పిన తప్పు. సినిమా మనుషుల జీవితాలు వేరే మాట చెప్పాయి. అక్కినేని నాగేశ్వరరావు గారు 1974లో అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకున్నారు. ఆ తరవాత 1981లో ప్రేమాభిషేకం చేశారు. 2014లో, తొంభయ్యో ఏట కన్నుమూసేదాకా నటుడిగానే ఉన్నారు. ఆయనది రక్తనాళాల జబ్బు, నాది కండరం జబ్బు. జబ్బులు వేరైనా, జాగ్రత్తగా బతకడం అనే విద్య ఒకటే.

నేను నేర్చుకున్న విద్య ఇంతే. పొద్దున ఎనిమిదింటికి మాత్ర. నిండా తినను, తిన్నాక నడవను. వేసవిలో సీసాడు మజ్జిగ చేతిలో ఉంటుంది. విరేచనాలు పట్టుకుంటే నీళ్ళు తగ్గకుండా చూసుకుని డాక్టరుకి ఫోను చేస్తాను. ఎవరు ఏ మాత్ర ఇచ్చినా, రక్తపోటుకైనా, ఒంటి నీరు తీయడానికైనా, మగతనానికని గుట్టుగా అమ్మేదైనా, అడగకుండా మింగను. మీ ఇంట్లో పెద్దవాళ్ళ గుండె మాత్రలు ఉంటే అవి వాళ్ళ గుండె కోసమే. పక్కవాడి గుండె ఎలాంటిదో మీకు తెలియదు, చాలాసార్లు వాడికే తెలియదు.

మొన్నామధ్య బావ పర్సు తీసి బస్సు టిక్కెట్టుకి డబ్బులిస్తుంటే ఒక కాగితం మడత కింద పడింది. నేనే తీశాను. ముద్ద ముద్దగా బావ చేతిరాత. "ఈణ్ణి పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తండి. నాలిక కింద బిళ్ళ పెట్టబాకండి." కింద నా పేరు, డాక్టరమ్మ ఫోను నంబరు. మా మామ మాత్రలు ఆ పర్సులోనే ఇంకొక అరలో ఉన్నాయి, వాటి మీద "నాయనకి మాత్రమే" అని రాసి.

ఏమీ అనకుండా మడిచి ఇచ్చేశాను. తనూ ఏమీ అనకుండా పెట్టేసుకున్నాడు.

సినిమా హాళ్ళలో ఈనాటికీ నాకు మెట్లు ఎక్కక తప్పదు. అయిదో మెట్టు మీద ఆగుతాను. వెనకాల వచ్చేవాళ్ళు, "ఏమండీ, ఆగిపోయారే?" అంటారు.

"గుండెకి ఇంటర్వెల్ ఇచ్చానండీ. మీరు పదండి, వస్తున్నా" అంటాను.

చేతిలో బీడీ లేదు. ఆట మొదలయ్యేలోపు మిగతా నాలుగు మెట్లూ ఎక్కుతాను.